పెళ్లిచూపుల కంటే ముందు ఒక రక్త పరీక్ష

బెంగళూరు నుంచి హోసూరుకు వెళ్లే జాతీయ రహదారిపై, కర్ణాటక ముగిసి తమిళనాడు మొదలయ్యే చోట అత్తిబెలె ఉంది. ఇక్కడ ఒకే వీధిలో మూడు భాషలు వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, హద్దు దాటితే తమిళం. ఆనేకల్ తాలూకులోని ఈ సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలు రాష్ట్రాల పరంగా వేరుపడినా, బంధుత్వాల పరంగా వేరుపడలేదు. పిల్లను ఇవ్వాలన్నా, తెచ్చుకోవాలన్నా పెద్దలు ముందుగా తలచుకునేది మేనమామ ఇంటినీ, మేనత్త ఇంటినీ. జాతకాలు చూస్తారు, ఇంటిపేర్లు విచారిస్తారు, పొలం ఎంత, ఉద్యోగం ఏమిటి అని కనుక్కుంటారు. ఎవరూ చూడనిది ఒకటి మిగిలిపోతుంది. అది రక్తం.

తల్లిదండ్రులలో ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉండి, బిడ్డలో ప్రాణాంతకంగా బయటపడే రక్తవ్యాధులు రెండు ఉన్నాయి. ఒకటి సికిల్ సెల్ వ్యాధి, రెండవది తలసీమియా. ఈ వ్యాధులను ప్రభుత్వాలు తమంతట తాము గుర్తించి ముందుకు వచ్చిన సందర్భాలు తక్కువ. బాధ పడిన ప్రజల్లోంచే కొందరు స్వచ్ఛందంగా నిలబడి, అడిగి, పోరి, పరీక్షలనూ వైద్యాన్నీ సాధించుకున్నారు. కెనడాలోని నల్లజాతి ప్రజల విషయంలో జరిగింది అదే. హైదరాబాదులో తెలుగు తల్లిదండ్రులు చేసిందీ అదే. ఆ అనుభవాల నుంచి సరిహద్దు పల్లెలు నేర్చుకోదగినది ఎంతో ఉంది.

రక్తంలో జరిగే పొరపాటు

రక్తానికి ఎరుపు రంగునిచ్చే పదార్థం హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును శరీరమంతటికీ మోసుకుపోయేది ఇదే. దీనిని ఎలా తయారు చేయాలో చెప్పే జన్యువులు ప్రతి మనిషిలోనూ జంటలుగా ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది.

సికిల్ సెల్ వ్యాధిలో ఆ జన్యువులోని ఒకే ఒక్క అక్షరం తప్పుతుంది. ఆ తప్పు వల్ల హిమోగ్లోబిన్ గొలుసులో ఒక చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఇలాంటి హిమోగ్లోబిన్ గట్టిపడి, గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణాన్ని కొడవలి ఆకారంలోకి వంచివేస్తుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం పది, ఇరవై రోజులకే నశిస్తుంది. పైగా ఈ కణాలు సన్నని రక్తనాళాలలో చిక్కుకొని దారిని మూసివేస్తాయి. ఎముకలలో, కడుపులో, ఛాతీలో భరించలేని నొప్పి వస్తుంది. ప్లీహం దెబ్బతినడం వల్ల పసిబిడ్డలకు సామాన్యమైన అంటువ్యాధి కూడా ప్రాణం తీసేంతటిది అవుతుంది.

తలసీమియాలో హిమోగ్లోబిన్ ఆకారం తప్పదు, తగినంత తయారు కాదు. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. ఆరు నెలలు దాటిన తరువాత క్రమంగా పాలిపోతుంది. ఎదుగుదల ఆగుతుంది, పొట్ట ఉబ్బుతుంది. తీవ్రమైన తలసీమియా గల బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఇది జీవితాంతం సాగవలసిందే. ఎక్కించిన రక్తంతో పాటు వచ్చే ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది గనుక దానిని బయటకు పంపే మందులు కూడా ప్రతిరోజూ వాడాలి.

ఈ రెండు వ్యాధులకూ ఒక సామాన్య లక్షణం ఉంది. జంటలో ఒక జన్యువు మాత్రమే లోపం గలదైతే ఆ మనిషికి వ్యాధి ఉండదు. అటువంటి వారిని వాహకులు అంటారు. వారు పొలం పని చేస్తారు, చదువుకుంటారు, నిండు జీవితం గడుపుతారు. తమలో అది ఉందని కూడా వారికి తెలియదు. వాహకుడైన పురుషుడు వాహకురాలైన స్త్రీని పెళ్లాడితేనే చిక్కు. అప్పుడు పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది గనుక రెండవ బిడ్డకు రాదన్న నమ్మకం సరైనది కాదు. ప్రతి కాన్పుకూ అదే లెక్క మళ్లీ వర్తిస్తుంది.

షికాగో నుంచి నీలగిరి దాకా

కొడవలి కణాలను మొదటిసారి వర్ణించి ప్రచురించినవాడు అమెరికా వైద్యుడు జేమ్స్ హెర్రిక్. అది 1910వ సంవత్సరం. ఆయన చూసిన రోగి కరీబియన్ దీవి గ్రెనడా నుంచి షికాగోకు దంతవైద్యం చదవడానికి వచ్చిన నల్లజాతి విద్యార్థి. దానితో ఇది నల్లవారి జబ్బు అన్న ముద్ర పడింది. కానీ 1952లో లేమన్, కట్‌బుష్ అనే పరిశోధకులు దక్షిణ భారతదేశంలో నీలగిరి కొండల గిరిజనులలోనూ ఇదే జన్యువును కనుగొన్నారు. అత్తిబెలె నుంచి ఒక పగటి ప్రయాణం దూరంలో ఉన్న కొండలవి.

ఇది వంశానికీ, రంగుకూ సంబంధించిన శాపం కాదు. 1954లో ఆంథొనీ అల్లిసన్ దీని వెనుక ఉన్న కారణాన్ని వివరించాడు. ఈ జన్యువు ఒకటి మాత్రమే ఉన్నవారికి మలేరియా వల్ల ప్రాణాపాయం తక్కువ. మలేరియా విపరీతంగా ఉన్న ఆఫ్రికాలో, భారతదేశపు అడవులలో తరతరాలుగా అది నిలిచిపోవడానికి కారణం అదే. తెలుగు నేలలో ఆదిలాబాదు అడవుల గోండులు, కొలాములలోనూ, గోదావరి లోయ కోయలలోనూ, విశాఖ మన్యంలోనూ ఇది కనిపిస్తుంది. తలసీమియా జన్యువుకు కూడా మలేరియాతో ఇటువంటి సంబంధమే ఉంది. అయితే అది అడవులకు పరిమితం కాదు. మైదాన ప్రాంతాలలో, పట్టణాలలో, అన్ని కులాలలో, అన్ని మతాలలో ఉంది.

కెనడాలో ఒక నర్సు చేసిన పని

కెనడాలో 2021 జనాభా లెక్కల ప్రకారం నల్లజాతి ప్రజలు 15 లక్షలకు పైగా ఉన్నారు. దేశ జనాభాలో వారిది 4.3 శాతం. వీరిలో చాలామంది కరీబియన్ దీవుల నుంచి, ఆఫ్రికా నుంచి వలస వచ్చిన కుటుంబాలవారు. వారితో పాటు సికిల్ సెల్ జన్యువు కూడా వచ్చింది. కానీ ఆసుపత్రులలో ఆ వ్యాధిని చూసిన అనుభవం గల వైద్యులు తక్కువ. నొప్పితో మెలికలు తిరుగుతూ అత్యవసర విభాగానికి వచ్చిన నల్లజాతి యువకుణ్ని మత్తుమందు కోసం నటిస్తున్నాడని అనుమానించిన సందర్భాలు ఉత్తర అమెరికాలో ఎన్నో నమోదయ్యాయి.

జమైకాలో పుట్టి, కెనడాలో స్థిరపడిన లిల్లీ జాన్సన్ అనే నర్సు ఈ పరిస్థితిని చూసింది. ఒంటారియో రాష్ట్రంలో ప్రజారోగ్య విభాగానికి సంచాలకురాలైన తొలి నల్లజాతి మహిళ ఆమె. 1981లో ఆమె ఒంటారియో సికిల్ సెల్ సంఘాన్ని స్థాపించింది. ఆ సంఘం చేతిలో అధికారం లేదు. ఉన్నది వ్యాధి గురించిన జ్ఞానం, రోగుల కుటుంబాల నమ్మకం, అలుపెరగని ఓపిక మాత్రమే. చర్చిలకు వెళ్లి, బడులకు వెళ్లి, సమాజ మందిరాలకు వెళ్లి వ్యాధి అంటే ఏమిటో చెప్పడం మొదటి పని. వైద్యులకూ, నర్సులకూ తెలియజెప్పడం రెండవ పని. పుట్టిన ప్రతి బిడ్డకూ సికిల్ సెల్ పరీక్ష చేయాలని ప్రభుత్వాన్ని అడగడం మూడవ పని.

పుట్టగానే పరీక్ష ఎందుకు? దీనికి 1986లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం సమాధానం చెప్పింది. వ్యాధిగల పసిబిడ్డలకు ప్రతిరోజూ పెన్సిలిన్ ఇస్తే, ప్రాణాలు తీసే న్యుమోకోకస్ అంటువ్యాధి 84 శాతం తగ్గింది. అంటే చాలా చవకైన మందు ఒకటి బిడ్డను కాపాడగలదు. అయితే బిడ్డకు వ్యాధి ఉందని మొదటే తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ మందు దుకాణంలోనే ఉండిపోతుంది.

సంఘం స్థాపించిన పాతికేళ్లకు, 2006లో, ఒంటారియోలో నవజాత శిశువులందరికీ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో సికిల్ సెల్ పరీక్ష మొదలైంది. 2017లో కెనడా పార్లమెంటు చట్టం చేసి జూన్ 19ని జాతీయ సికిల్ సెల్ అవగాహన దినంగా ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి 2008లోనే ఆ తేదీని గుర్తించింది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు కూడా ఇదే తీరు కనబడింది. ఏ ప్రజలకు ఎంత హాని జరుగుతున్నదో లెక్క తీయాలని నల్లజాతి ఆరోగ్య సంఘాలు పట్టుబట్టాయి. టొరంటో నగరం లెక్క తీసింది. నగర జనాభాలో 9 శాతంగా ఉన్న నల్లజాతివారు కోవిడ్ సోకినవారిలో 21 శాతం ఉన్నారని 2020 జులైలో తేలింది. ఆ ఏడాది చివర టీకాలు వచ్చినప్పుడు నల్లజాతి వైద్యులూ, శాస్త్రవేత్తలూ ఒక బృందంగా ఏర్పడి, తమ ప్రజలతో సమావేశాలు జరిపి, సందేహాలు విని, సమాధానాలు చెప్పారు. పైనుంచి వచ్చిన ఆజ్ఞకు తలవంచనివారు తమలో ఒకరు చెప్పిన మాటకు చెవి ఒగ్గారు. లెక్కకు రాని బాధ ప్రభుత్వం కంటికి కనిపించదు. సొంత భాషలో చెప్పని సలహా ప్రజల చెవికి ఎక్కదు. కెనడా అనుభవం చెప్పే మాటలు ఈ రెండే.

హైదరాబాదు తల్లిదండ్రులు, బిళిగిరి వైద్యుడు

తెలుగువారి మధ్య ఇటువంటి పని 1998లో మొదలైంది. హైదరాబాదులో తలసీమియా బిడ్డల తల్లిదండ్రులు కొందరు, వైద్యులు కొందరు కలిసి తలసీమియా, సికిల్ సెల్ సొసైటీని స్థాపించారు. అప్పటివరకు ప్రతి కుటుంబమూ ఒంటరిగా రక్తనిధుల చుట్టూ తిరిగేది. ఈ వారానికి రక్తం దొరికితే మూడు వారాల తరువాత ఎలా అన్న దిగులు వెంటాడేది. ఈ సొసైటీ శివరాంపల్లిలో సొంత రక్తనిధినీ, రక్తం ఎక్కించే కేంద్రాన్నీ నడుపుతున్నది. మూడు వేలకు పైగా రోగులు నమోదై ఉన్నారు. వారికి రక్తం ఉచితంగా ఎక్కిస్తారు. గర్భిణులకు పరీక్షలు చేసి, కొత్తగా వ్యాధిగల బిడ్డలు పుట్టకుండా చూడటం కూడా వారి పనిలో భాగం.

కర్ణాటకలో చామరాజనగర్ జిల్లా బిళిగిరి రంగన కొండలలో డాక్టర్ హెచ్. సుదర్శన్ 1981లో వివేకానంద గిరిజన కళ్యాణ కేంద్రాన్ని ప్రారంభించారు. ఒంటారియోలో లిల్లీ జాన్సన్ సంఘం పెట్టిన సంవత్సరమే అది. సోలిగ గిరిజనులలో సికిల్ సెల్ వ్యాధి ఉన్నదని గుర్తించి, కొండమీదనే వారికి వైద్యం అందించడం ఆ కేంద్రం చేసిన సేవలలో ఒకటి. బెంగళూరు నగరంలో 2003లో కొందరు యువకులు సంకల్ప్ ఇండియా ఫౌండేషన్ పేరిట రక్తదానాన్ని కూడగట్టడం ఆరంభించారు. రక్తం కోసం తిరిగేవారిలో తలసీమియా బిడ్డల తల్లిదండ్రులు తరచుగా కనిపించడంతో, ఆ సంస్థ ఆ బిడ్డల సంరక్షణనూ చేపట్టింది.

ఇటువంటి సంఘాలు ఏళ్ల తరబడి అడిగిన ఫలితంగా ప్రభుత్వాలు కదిలాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను, సికిల్ సెల్‌ను, హిమోఫిలియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. ఈ రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలని జాతీయ రక్తమార్పిడి మండలి నిర్దేశించింది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శాహ్‌డోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించారు. గిరిజన జనాభా ఎక్కువగా గల 17 రాష్ట్రాలలో 40 ఏళ్లలోపు వారిని ఏడు కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు నాలుగూ అందులో ఉన్నాయి.

అయితే ఆ కార్యక్రమం గిరిజన ప్రాంతాలను ఉద్దేశించినది. అత్తిబెలె వంటి మైదాన ప్రాంతపు గుమ్మం ముందుకు పరీక్ష తనంతట తాను నడిచిరాదు. ఇక్కడి కుటుంబాలే దానిని వెతుక్కుంటూ వెళ్లాలి.

మేనరికం లెక్క

దేశంలో తలసీమియా వాహకులు నూటికి ముగ్గురు, నలుగురు ఉంటారని అంచనా. కొన్ని సమాజాలలో ఇంతకంటే ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. ఏటా పదివేలకు పైగా బిడ్డలు తీవ్రమైన తలసీమియాతో పుడుతున్నారు. సరిహద్దు గ్రామాలవారికి ఈ అంకెల కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలో ప్రతి నాలుగు పెళ్లిళ్లలో ఒకటి, లేదా అంతకంటే ఎక్కువ, రక్తసంబంధీకుల మధ్యే జరుగుతున్నది. మూడు రాష్ట్రాలకూ దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో మేనరికం వింత కాదు.

లెక్క ఎలా మారుతుందో చూడాలి. వరుడు తలసీమియా వాహకుడు అనుకుందాం. బంధుత్వం లేని అమ్మాయిని చేసుకుంటే ఆమె కూడా వాహకురాలు అయ్యే అవకాశం నూటికి మూడు, నాలుగు. అత్త కూతురినో, మేనమామ కూతురినో చేసుకుంటే ఆ అవకాశం ఎనిమిదింట ఒకటి, అంటే నూటికి పన్నెండుకు పైగా. అక్క కూతురిని చేసుకుంటే నాలుగింట ఒకటి, అంటే నూటికి ఇరవై అయిదు. కారణం సులభంగానే అర్థమవుతుంది. అతనిలోని లోపం గల జన్యువు తల్లి నుంచో, తండ్రి నుంచో వచ్చింది. అదే జన్యువు అక్కకూ వచ్చి ఉండే అవకాశం సగం. అక్క నుంచి ఆమె కూతురికి వచ్చే అవకాశం అందులో సగం.

దీనికి బిడ్డకు వ్యాధి వచ్చే నాలుగింట ఒక వంతు లెక్కను జోడిస్తే, బయటి సంబంధంలో వందకు పైగా పుట్టే బిడ్డలలో ఒకరికి వ్యాధి వచ్చేది, మేనరికంలో ముప్ఫై ఇద్దరిలో ఒకరికి, మేనమామ–మేనకోడలి పెళ్లిలో పదహారు మందిలో ఒకరికి వస్తుంది.

తాతలదీ మేనరికమే, తండ్రులదీ మేనరికమే, వారికి ఏమీ కాలేదు గదా అని పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కుటుంబంలో ఆ జన్యువే లేకపోతే మేనరికం దానిని కొత్తగా పుట్టించదు. ఉన్నట్లయితే రెండు చేతులనూ కలుపుతుంది. ఉన్నదా లేదా అన్నది ముఖం చూసి, ఆరోగ్యం చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. పరీక్షే చెప్పాలి. అదీగాక పూర్వకాలంలో పాలిపోయి, పొట్ట ఉబ్బి, రెండేళ్లకే కన్నుమూసిన బిడ్డకు ఏ జబ్బో ఎవరికీ తెలిసేది కాదు. దిష్టి తగిలిందనేవారు, బాలారిష్టం అనేవారు. ఆ బిడ్డల లెక్క ఎక్కడా రాయలేదు గనుక ఏమీ కాలేదని అనిపిస్తుంది.

పరీక్ష ఎలా

మొదటి మెట్టు సి.బి.సి. అనే సాధారణ రక్త పరీక్ష. దాదాపు ప్రతి ప్రయోగశాలలోనూ చేస్తారు. అందులో ఎర్రకణాల పరిమాణాన్ని చెప్పే ఎం.సి.వి. అనే అంకె 80 కంటే తక్కువగానో, ఎం.సి.హెచ్. అనే అంకె 27 కంటే తక్కువగానో ఉంటే వైద్యునికి చూపాలి. రెండవ మెట్టు హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్ష. హిమోగ్లోబిన్ ఎ2 సుమారు 3.5 శాతం దాటితే తలసీమియా వాహకులుగా భావిస్తారు. సికిల్ సెల్ జన్యువు కూడా ఈ పరీక్షలోనే బయటపడుతుంది. దీనిని జీవితంలో ఒకసారి చేయించుకుంటే సాధారణంగా సరిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వాహకులలో రక్తం కొద్దిగా తక్కువగా ఉండవచ్చు. దానిని ఇనుము లోపంగా పొరబడి నెలల తరబడి మాత్రలు మింగినా ఫలితం ఉండదు. మాత్రలు క్రమంగా వాడినా రక్తం పెరగకపోతే హెచ్.పి.ఎల్.సి. పరీక్ష గురించి వైద్యుణ్ని అడగడం మంచిది.

పెళ్లికి ముందు పరీక్ష జరగకపోతే గర్భం దాల్చిన మొదటి నెలలలోనైనా జరగాలి. భార్య వాహకురాలని తేలితే వెంటనే భర్తకు కూడా పరీక్ష చేయాలి. ఇద్దరూ వాహకులైతే, పది నుంచి పన్నెండు వారాల మధ్య గర్భస్థ శిశువుకు వ్యాధి ఉన్నదీ లేనిదీ తెలుసుకునే పరీక్షలు పెద్ద ఆసుపత్రులలో ఉన్నాయి. ఆలస్యమైన కొద్దీ దారులు మూసుకుపోతాయి.

వ్యాధితో పుట్టిన బిడ్డకు కూడా ఆశ లేకపోలేదు. సికిల్ సెల్ రోగులకు హైడ్రాక్సీయూరియా అనే మాత్ర నొప్పుల దాడులను తగ్గిస్తుంది. క్రమం తప్పక రక్తం, ఇనుము తొలగించే మందులు అందితే తలసీమియా బిడ్డలు పెరిగి పెద్దవారై ఉద్యోగాలు చేస్తున్నారు. తోబుట్టువుల ఎముక మజ్జ సరిపోలితే దాని మార్పిడితో వ్యాధి నయమవుతుంది. ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ చికిత్స 1986 నుంచి జరుగుతున్నది. అర్హులైన పేద తలసీమియా బిడ్డలకు మార్పిడి కోసం కోల్ ఇండియా సంస్థ 2017 నుంచి పది లక్షల రూపాయల వరకు సాయం అందిస్తున్నది.

మచ్చ కాదు, సమాచారం

పరీక్ష మంచిదే అయినా, దానిని చేసే తీరు మంచిది కాకపోతే అది కొత్త గాయం అవుతుంది. గ్రీసు దేశంలో ఓర్కోమెనోస్ అనే చోట 1970ల ప్రాంతంలో అందరికీ సికిల్ సెల్ పరీక్షలు చేశారు. వాహకులని తేలినవారు సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో ఆ మాట దాచిపెట్టారు. వాహకుల మధ్య పెళ్లిళ్లు తగ్గలేదు. అమెరికాలో అదే కాలంలో కొన్ని రాష్ట్రాలు నల్లజాతివారికి పరీక్షను నిర్బంధం చేశాయి. ఏ జబ్బూ లేని వాహకులకు ఉద్యోగాలూ, బీమా నిరాకరించిన ఘటనలు జరిగాయి. 1972లో వచ్చిన జాతీయ చట్టం పరీక్ష స్వచ్ఛందంగా ఉండాలని నిర్దేశించవలసి వచ్చింది.

సైప్రస్ దీవి మరో దారి చూపింది. అక్కడ ప్రతి ఏడుగురిలో ఒకరు తలసీమియా వాహకులు. పెళ్లి జరిపించే చర్చి, వధూవరులిద్దరూ పరీక్ష చేయించుకొని సలహా పొందినట్లు పత్రం చూపాలని 1983 నుంచి నియమం పెట్టింది. ఫలితం ఏమైనా పెళ్లిని ఆపదు. నిర్ణయం ఆ ఇద్దరిదే. ఇద్దరూ వాహకులైన జంటలలో చాలామంది పెళ్లి మానుకోలేదు. కానీ వారు వైద్యుల సలహాతో ముందే జాగ్రత్తపడ్డారు. కొన్ని సంవత్సరాలలోనే వ్యాధితో పుట్టే బిడ్డల సంఖ్య సున్నాకు దగ్గరైంది.

సరిహద్దు గ్రామాలలో ఈ నిందను మోయవలసి వచ్చేది సాధారణంగా ఆడపిల్లే. అందుచేత పరీక్ష అమ్మాయికి మాత్రమే చేయించడం అన్యాయం. అబ్బాయికి ముందు చేయించడం సరైన పద్ధతి. అతడు వాహకుడు కాకపోతే ఈ వ్యాధుల విషయంలో అమ్మాయిని పరీక్షించే అవసరమే సాధారణంగా ఉండదు. ఫలితం ఇద్దరికీ, వారు కోరిన పెద్దలకూ తప్ప మరొకరికి తెలియకూడదు. వాహకులు రోగులు కారన్న మాటను ఇంటింటా చెప్పాలి.

అత్తిబెలెలో ఎవరు చేయగలరు

ఈ పనికి గొప్ప సంస్థ అక్కరలేదు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ప్రతి గ్రామానికీ ఆశా కార్యకర్తలు వచ్చారు. ప్రభుత్వ లెక్కలో వారు స్వచ్ఛంద కార్యకర్తలే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి సేవను గౌరవించింది. వారికి తోడుగా రెండు భాషలు తెలిసిన యువతీ యువకులు నిలబడితే చాలు. ఇంట్లో తెలుగే మాట్లాడే అవ్వ, కన్నడంలో చెప్పే వైద్యుని మాటకు తల ఊపి వచ్చేస్తుంది. ఏమి అర్థమైందో ఎవరూ అడగరు. ఆమె పక్కన కూర్చొని, వైద్యుడు చెప్పినదాన్ని ఆమె భాషలో మళ్లీ చెప్పేవారు ఉంటే సగం వైద్యం అక్కడే జరుగుతుంది. టొరంటోలో నల్లజాతి స్వచ్ఛంద సేవకులు చేసే పనికీ దీనికీ తేడా లేదు.

కాగితాల పని మరొకటి. వైకల్య ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు, ఆరోగ్య బీమా పథకాల దరఖాస్తు, ఇవన్నీ ఒక రోజు కూలి పోగొట్టుకొని తిరిగేవారికి పెద్ద కొండలు. రాష్ట్రం మారితే పథకం మారుతుంది. కాపురం హద్దుకు ఇవతల, రేషన్ కార్డు అవతల ఉన్న కుటుంబాలు రెండింటికీ చెడే ప్రమాదం ఉంది. చికిత్స మొదలయ్యే ముందే కార్డు ఏ రాష్ట్రానిదో చూసుకొని, అక్కడి పథకం ఈ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఒకసారి తిరిగి దారి తెలిసినవారు మరొకరికి దారి చూపడమే సేవ.

అన్నింటికంటే సులభమైనది రక్తదానం. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయస్సు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. డబ్బుకు రక్తం అమ్మే పద్ధతి సుప్రీంకోర్టు 1996 తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుంచి నిషిద్ధం. అందువల్ల తలసీమియా బిడ్డకు దాత తప్ప వేరే దిక్కు లేదు. పండుగకో, జాతరకో, ఊరి పెద్దల జ్ఞాపకార్థమో ఏడాదికి ఒక్కసారి శిబిరం పెట్టడం కంటే, మూడు నెలలకొకసారి పదిమంది వెళ్లి ఇవ్వడం ఆ బిడ్డలకు ఎక్కువ మేలు. వారికి రక్తం కావలసింది పండుగ రోజున మాత్రమే కాదు.

జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం. జూన్ 19 ప్రపంచ సికిల్ సెల్ దినం. రెండింటికీ తేడా అయిదు రోజులు. ఆ అయిదు రోజులలో ఊరి యువకులు ఒకసారి రక్తం ఇచ్చి, పెళ్లీడుకు వచ్చినవారు ఒకసారి రక్తం చూపించుకుంటే ఖర్చు స్వల్పం, నొప్పి సూది గుచ్చినంత. తాంబూలాలు మార్చుకున్న తరువాత తెలిసిన నిజం రెండు కుటుంబాలను కలవరపెడుతుంది. బిడ్డ పుట్టిన తరువాత తెలిసిన నిజం ఆ బిడ్డను జీవితాంతం ఆసుపత్రి మంచానికి కట్టివేస్తుంది. అదే నిజం పెళ్లిచూపుల కంటే ముందు తెలిస్తే, అది ఒక కాగితం మీది అంకె మాత్రమే.